బాత్రూం తలుపు లెక్క

మా మామయ్యగారు ముప్పై ఎనిమిదేళ్లు టైపు నేర్పారు. బస్టాండు వెనక వీధిలో, చెప్పుల దుకాణం పైన ఒక గది, పన్నెండు మిషన్లు. పిల్లలు టైపు కొడుతుంటే ఆయన కిటికీవైపు తిరిగి కూర్చునేవారట. చప్పుడును బట్టే ఎవరి వేలు ఎక్కడ తడబడిందో తెలిసిపోయేదట. తెలిసినా అందరిలో అనేవారు కాదు. క్లాసయ్యాక మెట్ల దగ్గర ఆ ఒక్కరినే ఆపి, ఎడమచేతి చిటికెన వేలు బద్ధకిస్తోంది చూసుకో అని మెల్లగా చెప్పేవారు. ఇవన్నీ ఆయన చెప్పుకున్నవి కావు, ఆయన దగ్గరే టైపు నేర్చుకున్న ఆయన కూతురు, నా భార్య చెప్పింది. అలాంటి మనిషికి నేను చేసిన నిర్వాకం తలుచుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. చెప్పకుండా కడుపులో దాచుకుంటే ఇంకా సిగ్గుగా ఉంది, అందుకే రాస్తున్నాను.

టైపు నేర్చుకునేవాళ్లు కరువై ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. అత్తయ్యగారు పోయాక ఆయన మా ఇంటికి వచ్చారు. రెండు గదులు, వంటిల్లు, నలుగురం మనుషులం, ఒకే ఒక్క బాత్రూం. ఆయన పక్క ఆయనే సర్దుకునేవారు, కంచం ఆయనే కడుక్కునేవారు, ఇస్త్రీ లేని చొక్కాతో గుమ్మం దాటేవారు కాదు. ఎవరికీ అడ్డం కాకూడదని కుర్చీ కూడా చప్పుడు కాకుండా జరుపుకునేవారు.

నేను జిరాక్సు మిషన్ల మెకానిక్‌ని. ఆ ఏడు నాకు లినక్స్ బోర్డు పిచ్చి పట్టింది. పేకముక్కంత పచ్చటి పలక, దాని మీద ఒక కంప్యూటర్ మొత్తం. జత చెప్పుల ధరకే వచ్చింది. మెమరీ కార్డు దూర్చి టీవీకి తగిలిస్తే, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బిలబిలమంటూ పైకి పాకాయి. నేను వేసిన కేకకు నా భార్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, ఏం కాలిందని అడిగింది. మన పెళ్లినాడు కూడా మీ ముఖం ఇంతలా వెలగలేదని తర్వాత దెప్పిపొడిచింది.

మొదట ఆ బోర్డుతో ఒక బుల్లి లైటు వెలిగించి ఆర్పాను. ఇంట్లో లైట్లన్నీ గోడ మీద స్విచ్చితో ఎన్నో ఏళ్లుగా ఆ పని చేస్తూనే ఉన్నాయి. అయినా అదేదో ఘనకార్యమన్నట్టు అందరినీ పిలిచి చూపించాను. మా అమ్మాయి ఆవలించి వెళ్లిపోయింది. మామయ్యగారు మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ ఒకసారి వెలిగించమన్నారు.

అప్పటినుంచి ఆయనే నా జట్టు. ప్రోగ్రాం నేను పైకి చదివితే ఆయన కొట్టేవారు. కీబోర్డు వంక చూడకుండా, పది వేళ్లతో, ఒక్క చుక్క పొల్లుపోకుండా కొట్టేవారు. చాలాకాలానికి తన వేళ్లకు పని దొరికిందని ఆయన మురిసిపోయారు. పొద్దున్నే బాత్రూం దగ్గర మా ఇంట్లో జరిగే యుద్ధాలు ఆపడానికి ఇద్దరం కలిసి ఒక ఏర్పాటు చేశాం. తలుపు లోపలి గడియకు ఒక అయస్కాంతం, ద్వారబంధానికి ఒక చిన్న స్విచ్చి. లోపల ఎవరైనా గడియ పెడితే హాల్లో ఎర్రలైటు, తీస్తే పచ్చలైటు. తలుపులు బాదడం, ఇంకా ఎంతసేపని అరవడం ఆగిపోయాయి. ఇల్లంతా మమ్మల్ని మెచ్చుకుంది.

అక్కడితో ఆగి ఉంటే నేను మనిషినే. గడియ ఎప్పుడు పడింది, ఎప్పుడు తీశారు, అన్నీ ఒక ఫైలులో నమోదయ్యేలా ప్రోగ్రాంకు ఇంకొన్ని వరసలు కలిపాను. ఆ వరసలు ఆయనతో కొట్టించలేదు, నేనే కొట్టుకున్నాను. ఆయనకు చెప్పనూ లేదు. నెల తిరిగేసరికి, ఎంతసేపు ఉన్నారన్న దాన్నిబట్టి లోపల ఎవరున్నారో కనిపెట్టడం కూడా దానికి నేర్పాను. ఇరవై నిమిషాలైతే అమ్మాయి. ఏడైతే నా భార్య. పేపరుతో వెళ్లే నేను పదిహేను. రెండేసి నిమిషాలు, మాటిమాటికీ, రాత్రిళ్లు కూడా అయితే మామయ్యగారు. రోజుకు ఎవరు ఎన్నిసార్లు వెళ్లారో చూపిస్తూ ఒక్కొక్కరికి ఒక్కో రంగు గీత. ఆయనది నారింజ రంగు, అన్నిటికన్నా ఎత్తుగా లేచేది. ఆ గీత ఎందుకంత ఎత్తుందని ఒక్కసారైనా ఆలోచించానా? లేదు. రంగు భలే కుదిరిందనుకున్నాను.

మా ఊళ్లో ఇలాంటి బోర్డుల పిచ్చివాళ్లం నెలకో ఆదివారం లైబ్రరీ మేడ మీద కలుస్తాం. ఆ నెల నన్ను మాట్లాడమన్నారు. మామయ్యగారిని కూడా రమ్మన్నాను. ఆయన బూట్లకు పాలిష్ పెట్టుకుని, నాకన్నా ముందే తయారై కూర్చున్నారు. అక్కడ మొదటి వరసలో కూర్చుని, మాట్లాడబోయేది మా అల్లుడేనని పక్కాయనతో చెప్పడం నేను విన్నాను.

గోడ మీద గ్రాఫు పడగానే హాలంతా ఉషారుగా ముందుకు వంగింది. నాకు కళ్లు నెత్తికెక్కాయి. మనిషిని సరిగ్గా గుర్తుపడుతుందని నమ్మకమేమిటని వెనకనుంచి ఎవరో అడిగారు.

"ఈ నారింజ గీత మా మామయ్యగారు," అన్నాను. "మొన్న ఒక్క రాత్రే తొమ్మిదిసార్లు. ఒక్కటి కూడా తప్పిపోలేదు. కావాలంటే అడగండి, ఇదిగో, ఇక్కడే ఉన్నారు."

నలభైమంది పగలబడి నవ్వారు. కొందరు చప్పట్లు కొట్టారు. అందరూ తనవైపే చూస్తున్నారు కాబట్టి ఆయన కూడా చిన్నగా నవ్వారు. ఆ నవ్వు చూసి నేను ఇంకా రెచ్చిపోయాను, వారం మొత్తం గ్రాఫు చూపించాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. దిగేముందు, బాగా మాట్లాడావు బాబూ అన్నారు. నేను అది కూడా నిజమే అనుకున్నాను.

ఆ సాయంత్రం నుంచే నారింజ గీత నేలకు కరుచుకుపోయింది. సున్నా. మర్నాడూ సున్నా. అది చూసి నేను చేసిన పని ఏమిటంటే, అయస్కాంతం మార్చాను. వైరు మార్చాను. ప్రోగ్రాం పైనుంచి కిందికి మూడుసార్లు చదివాను. మెమరీ కార్డు అరిగిపోయి ఉంటుందని ఒక మిత్రుడు చెబితే, కొత్త కార్డు కొనుక్కొచ్చాను. మిగతా ముగ్గురి గీతలూ శుభ్రంగా ఉన్నాయి. అయినా తప్పు ఆ బోర్డున్న పెట్టెలోనే వెతికాను. అదే ఇంట్లో, నాకు నాలుగడుగుల దూరంలో కూర్చున్న మనిషి ముఖంలోకి మాత్రం చూడలేదు.

మూడోరోజు పొద్దున హాల్లో పచ్చలైటు వెలుగుతోంది. ఖాళీయే కదా అని నా భార్య తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూం తలుపు తోసింది. లోపల ఆమె తండ్రి ఉన్నారు. గడియ పెట్టుకోలేదు. ఒక చేత్తో తలుపు అదిమిపట్టుకుని ఉన్నారు, ఆమె తోసిన ఊపుకు ఆ చెయ్యి నిలవలేదు.

ఆమె ముఖం తిప్పుకుని ఇవతలికి వచ్చేసింది. ఆయన చాలాసేపు బయటికి రాలేదు. నేను అప్పటికీ స్క్రూడ్రైవరు పట్టుకుని స్విచ్చి సంగతే మాట్లాడుతున్నాను.

"మీ పెట్టెకేం రోగం లేదు," అంది నా భార్య. "నాన్నే గడియ పెట్టుకోవడం లేదు. ఆదివారం అక్కడ ఏం చెప్పారు?"

చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే వినబడ్డాయి. ఆమె గోడకు చేరబడింది. తొమ్మిదిసార్లా, అని అడిగింది. ఆమెకు తెలియదు. కూతురు కంగారుపడుతుందని ఆయన ఆ బాధను నెలల తరబడి పంటి బిగువున దాచుకున్నారు. దాన్ని నేను నలభైమందికి గోడ మీద వేసి చూపించాను. గీత రోజూ నా కళ్లముందే ఉంది. అది జబ్బని నాకు తట్టలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ మధ్యాహ్నమే డాక్టరు దగ్గరికి వెళ్లాం. రాత్రి ఎన్నిసార్లు లేస్తారని డాక్టరు అడిగారు. మామయ్యగారు ఒళ్లో చేతుల వంక చూసుకున్నారు.

"మా అల్లుడిని అడగండి," అన్నారు. "ఆయన దగ్గర లెక్క ఉంది."

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. నిజంగానే నా దగ్గర ఉందని చెప్పారు. నేను చెప్పాను. డాక్టరు రాసుకున్నారు.

ఇంటికి రాగానే ఆయన ఎదురుగానే అయస్కాంతం, స్విచ్చి, లైట్లు అన్నీ పీకేశాను. ఫైలు కూడా చెరిపేశాను. తప్పయిపోయింది మామయ్యగారూ, అన్నాను. ఆయన నా భుజం తట్టారు. పెద్ద మాటలెందుకు బాబూ అన్నారు. మందులకు ఆయన ఒంట్లో నెమ్మదించింది. కానీ గడియ మాత్రం పెట్టుకోరు. లోపలికి వెళ్లింది మొదలు, ఎవరూ తలుపు తోయకుండా, వచ్చేవరకూ ఆగకుండా దగ్గుతూ ఉంటారు. గడియ పెట్టుకోమని నా భార్య ఎన్నోసార్లు బతిమాలింది. అలాగేనమ్మా అంటారు, మళ్లీ దగ్గు వినబడుతుంది.

నిన్న సెలవు, అందరం ఇంట్లోనే ఉన్నాం. ఆయన లేచి లోపలికి వెళ్లారు. దగ్గు మొదలైంది. వినకూడదని టీవీ చప్పుడు పెంచాను. పెంచుతూనే, నాకు తెలియకుండానే లోలోపల అనుకున్నాను, పొద్దుటినుంచి ఇది నాలుగోసారి అని.