వెర్నర్ టొలొనెన్ కోసిన చూరు దోనె

వెర్నర్ టొలొనెన్ తన ఇంటి చూరు దోనెను అలవాటు కొద్దీ కోశాడా, కక్ష కొద్దీ కోశాడా? ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు. అలవాటనుకుంటే ఆయన ఉత్త మూర్ఖుడు. కక్ష అనుకుంటే కాస్త తెలివైనవాడు, చాలా నీచుడు. ఒక్కో రోజు ఒక్కో వైపు మొగ్గుతాను. చదువుతున్న పుస్తకం ఒళ్ళో బోర్లించుకుని కూర్చుంటే ఆ ప్రశ్న దానంతటదే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది.

వెర్నర్ మా పక్కింటివాడు. రాగి గని నడిచిన రోజుల్లో కంపెనీ కట్టిన ఇళ్ళ వరసలో మాది చివరి ఇల్లు, వాళ్ళది దాని ముందుది. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆయన కౌంటీ రోడ్ల షెడ్డులో మంచు తోసే బండ్లు బాగుచేశాడు. ఆ పని బాగానే చేసేవాడట. చిక్కల్లా ఒక్కటే. ఇంజను విప్పి బిగించగలిగినవాడికి లోకంలో ఉన్న పనులన్నీ వచ్చేసినట్టేనని ఆయన నమ్మకం. కళ్ళజోడు విరిగితే రాగి తీగతో కట్టుకున్నాడు. ముక్కు మీద ఆకుపచ్చ మచ్చ పడింది. దాన్ని పతకంలా మోసుకు తిరిగాడు. భార్య సైమాకి తుంటి ఆపరేషను చేసి ఆసుపత్రివాళ్ళు చేతికర్ర ఇస్తే, దాన్ని తిరిగిచ్చేసి తన పాత స్కీ కర్ర కోసి చేతిలో పెట్టాడు. అది ఆమెకి బెత్తెడు పొడుగెక్కువ.

"కర్ర సరిగ్గానే ఉంది. నువ్వే కాస్త నిటారుగా నడవడం నేర్చుకో," అన్నాడు.

డబ్బిచ్చి ఇంకొకరి చేత పని చేయించుకోవడం ఆయన లెక్కలో ఒక రోగం. ఎవరింటి ముందైనా పనివాళ్ళ బండి ఆగిందంటే అటుగా నడిచి వెళ్ళి, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని, "ఏం, ఇంట్లో మగవాళ్ళకి ఒంట్లో బాగాలేదా?" అని అడిగి వచ్చేవాడు. ఆ మాట అడగడానికి ముఖం చిట్లించుకుని వీధి చివరిదాకా నడిచిన రోజులు కూడా ఉన్నాయి.

దోనె సంగతికి వస్తాను. చూరు అంచున వేలాడుతూ కప్పు మీది నీళ్ళు పట్టి పక్కకి పంపే రేకు కాలువ అది. మా వీధిలో దానికొక ఆచారం ఉంది. జింకల వేట మొదలయ్యేలోగా మగవాళ్ళు దోనెలు దించి షెడ్డులో పెట్టేస్తారు. కప్పు మీద నడుమెత్తు పేరుకున్న మంచు ఒక్కసారిగా జారితే దోనెను కొక్కేలతో సహా పెరుక్కుపోతుందని భయం. మార్చిలో కప్పు మీది మంచు తోడాక మళ్ళీ ఎక్కిస్తారు. అందుకే అందరివీ ముక్కల దోనెలే. మనిషి ఒక్కడే చంకన పెట్టుకు మోయగలిగినంత ముక్కలు, ఒకదాని కొస ఇంకోదానిలో దూర్చి, అతుకు దగ్గర నల్ల జిగురు పూస్తారు. నవంబరు నడుమ ఏ ఇంటి చూరుకైనా దోనె కనిపించిందంటే ఆ ఇంటాయన పోయాడా, మంచం పట్టాడా అని కాఫీల దగ్గర ఆరా తీస్తారు.

మా ఆయన నిజంగానే పోయాడు. దించేవాళ్ళు లేరు కాబట్టి నేను అతుకు లేని దోనె వేయించుకున్నాను. ట్రెవారో అనే అతను బండిలో యంత్రం పెట్టుకొచ్చి, ఇంటి పొడుగు ఎంతో అంత దోనెను మన వాకిట్లోనే ఒకే రేకుగా తీసి బిగిస్తాడు. కప్పు వాలు కంటే కాస్త కిందికి, దగ్గర దగ్గరగా కొక్కేలు వేసి పెడతాడు. జారే మంచు దాని మీదుగా దూకిపోతుంది. ఇక దించే పని లేదు. దాని ఇబ్బంది దానికీ ఉంది. ఏ కొమ్మో పడి ఒకచోట సొట్టపోతే పొడుగంతా మార్చుకోవాలి. ముక్కల దోనె అయితే ఆ ముక్క మార్చుకుంటే సరిపోతుంది. ఆ ఒక్క మాట వెర్నర్ పట్టుకున్నాడు. నేను వేయించుకున్న రోజునుంచీ మా చూరు వైపు చూసినప్పుడల్లా, "కొమ్మ పడనీ, అప్పుడు చూద్దాం ఇర్యా," అనేవాడు. మా ఇంటి చుట్టుపక్కల చెట్టే లేదు.

చలికాలం నడుమ ఇక్కడ ఏదీ కరగదు కాబట్టి ఎవరూ జారిపడరు. ప్రమాదమంతా ఈ చివరా ఆ చివరా, అక్టోబరులోనూ మార్చిలోనూ. పగలు ఎండకి కరుగుతుంది, పొద్దు వాలగానే గడ్డకడుతుంది. రేకు చలికి ముడుచుకుని ఎండకి సాగుతుంది. జిగురు అలా సాగదు. పగులుతుంది. పగులులోకి నీరు దిగి గడ్డకట్టి దాన్ని ఇంకా వెడల్పు చేస్తుంది. ఏటా పూయడం, ఏటా పగలడం. వెర్నర్ ఇంటి వెనక మెట్ల మీద ఆ చుక్కలు పడీ పడీ సబ్బుబిళ్ళలాంటి గడ్డ తయారయ్యేది. సైమా తన సౌనాకి, అంటే పెరట్లోని ఆవిరి స్నానాల గదికి, వెళ్ళే దారి ఆ మెట్ల మీదుగానే.

సైమాకి సౌనా అంటే ఏమిటో మాలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆపరేషనయ్యాక డాక్టరు, ఇంకోసారి పడితే నడక సంగతి మరిచిపొమ్మన్నాడు. ఆమె నాతో ఒకటే అంది: "నాకింకేం వద్దు ఇర్యా. శనివారం నాడు నా కాళ్ళ మీద నేను నడిచి నా సౌనాకి వెళ్ళాలి. ఎవరో భుజం పట్టుకుని తీసుకెళ్తే అది సౌనా కాదు, ఆసుపత్రి."

వెనక వైపైనా అతుకు లేనిది వేయిద్దామని మొగుణ్ణి ఏళ్ళ తరబడి అడిగింది.

"చేతుల్లేనివాళ్ళకి అది," అనేవాడు.

"చేతులున్నాయిగా నీకు, మరి కారకుండా చెయ్యి."

"దోనె కారదు. అతుకు కారుతుంది."

"నా నెత్తిన పడేది ఏదైతే నాకేం వెర్నర్?"

ఆయన నిచ్చెన తెచ్చి మళ్ళీ జిగురు పూసేవాడు.

ఒక వేసవిలో సైమా చెప్పాపెట్టకుండా ట్రెవారోకి ఫోను చేసి పిలిపించేసింది. బండి వాకిట్లోకి వచ్చాక, వీధంతా చూస్తుండగా, వెర్నర్ దాన్ని వెనక్కి పంపలేకపోయాడు. క్షణంలో రంగు మార్చాడు. తానే పిలిపించినట్టు కొలతలు చెప్పడం మొదలుపెట్టాడు. చుట్ట చుట్టిన రేకు యంత్రంలో ఒక వైపు దూరి, ఇంకో వైపు దోనెగా పొడుగ్గా నాలుకలా బయటికి వస్తుంటే పక్కనే నడుచుకుంటూ పోయాడు, తన నోట్లోంచే వస్తున్నట్టు.

బిగించడం అయ్యాక ట్రెవారో అన్నాడు: "చూడండి పెద్దాయనా, దీన్ని దించకూడదు. అలాగే వదిలెయ్యండి. మంచు పైనుంచి పోతుంది."

"నాకు తెలీదా ఏంటి!" అన్నాడు వెర్నర్. నేను కంచె ఇవతలే ఉన్నాను. మాట స్పష్టంగా విన్నాడు, తల కూడా ఊపాడు. ఆ తర్వాత చర్చిలోనూ పెట్రోలు బంకులోనూ అందరికీ తానే చెప్పాడు, అతుకు లేనిదే మేలని ఎప్పట్నుంచో తన అభిప్రాయమని.

ఆ సెప్టెంబరులో సైమా వెనక మెట్లు దిగుతుంటే చూశాను. స్కీ కర్ర గోడకి చేర్చి, ఉత్త చేతుల్తో, సౌనాలో ఒంటికి కొట్టుకునే బిర్చి కొమ్మల కట్ట చంకన పెట్టుకుని దిగింది. మొదటిసారిగా ఆమె తలెత్తి చూరు వైపు చూడలేదు.

అక్టోబరు చివర చర్చి నేలమాళిగలో ఆడవాళ్ళందరం మాంసం, దుంపలు కూరిన పేస్టీలు చేసి అమ్మే రోజు వచ్చింది. సాయంత్రం నేనూ సైమా పిండి చేతుల్తోనే వీధి ఎక్కి వచ్చాం. వెర్నర్ ఇంటి వెనక రెండు చెక్క స్టాండ్లు నిలబెట్టి వాటి మీద ఆ దోనెను పడుకోబెట్టాడు. చేతిలో ఇనుప రంపం. అప్పటికే మూడు ముక్కలైంది. కిందపడ్డ రేకు పొడి గడ్డి మీద మెరుస్తోంది.

"ఏంటది?" అన్నాను.

"ఏంటంటావేంటి? వేట మొదలవట్లేదూ? దోనె దించాలి కదా!"

"దించకూడదని ట్రెవారో చెప్పాడుగా?"

"ఆ అబ్బాయి లోయలో పుట్టినవాడు. ఇక్కడి మంచు వాడికేం తెలుసు? పొడుగు చూశావా, షెడ్డులో పడితేగా. తలుపులోంచి సగం బయటికొచ్చింది."

"షెడ్డులో పట్టలేదని దోనె కోశావా?"

"షెడ్డు కొయ్యమంటావా మరి?" అని నవ్వాడు. తన మాట తనకే నచ్చింది. "ఇప్పుడు చూడు, దీంట్లో రెండు లాభాలూ ఉన్నాయి. అతుకు లేని రేకు, దించి ఎక్కించే సౌకర్యం. ఆ కంపెనీవాళ్ళకే తట్టలేదు."

అప్పుడే ఆయన ముఖం చూశాను. ఏళ్ళ తరబడి దింపీ దింపీ, ఆ నెల రాగానే చేతులు వాటంతటవే నిచ్చెన వైపు పోయిన మనిషి ముఖమా అది? తన చేత్తో చేయలేని వస్తువు తన ఇంటి నెత్తిన ఒకే ముక్కగా ఉండడం ఓర్వలేక, ఇప్పటికి ఊపిరి పీల్చుకున్న మనిషి ముఖమా? రెండూ ఒకేలా ఉంటాయి కాబోలు. సైమా మెట్ల పైన ఖాళీ అయిన చూరు వైపు ఒకసారి చూసి, గోడకి చేర్చిన స్కీ కర్ర తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మార్చిలో మూడు ముక్కలూ ఎక్కించాడు. పాత కొక్కేలు, పాత నల్ల జిగురు. అతుకుల్లో ఒకటి సరిగ్గా వెనక మెట్ల పైనే వచ్చింది. ఎందుకక్కడని అడిగితే, "కొలత అలా వచ్చింది," అన్నాడు. అన్ని కొలతలూ తెలిసిన మనిషికి అది మాత్రం దానంతటదే వచ్చిందట.

మొదటి శనివారం మధ్యాహ్నం కరగడం మొదలైంది. పొద్దు వాలేసరికి మెట్టు మీద సబ్బుబిళ్ళ సిద్ధం. వెర్నర్ పొయ్యి బూడిద తెచ్చి చల్లి, సౌనా వేడెక్కించి, లోపలికి కేకేశాడు. సైమా వెనక తలుపు తీసి మెట్టు చూసింది. తలుపు వేసేసింది. వీధి తలుపు గుండా బయటికొచ్చి, తువ్వాలు మెడ చుట్టూ, బిర్చి కట్ట చేతిలో, వీధి నడిబొడ్డున మెల్లగా నడిచి మా ఇంటికొచ్చింది.

"మీ సౌనా వేడిగా ఉందా?" అంది.

"ఉంది, రా."

మాలో ఆడమనిషి మొగుడి సౌనా పొగ లేస్తుండగా ఇంకొకరి సౌనాకి వీధిలో నడిచి పోవడం అంటే, చర్చిలో లేచి నిలబడి మొగుడి మీద ఫిర్యాదు చెప్పడంతో సమానం. కిటికీ పరదాలన్నీ కదిలాయి. వెర్నర్ సౌనా పొగగొట్టంలోంచి పొగ అలా పోతూనే ఉంది, చాలాసేపు, ఎవరికోసమో తెలియకుండా.

చివరికి వచ్చాడు. కోటు విప్పకుండా నా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. టైరు గొలుసు ముక్కలతో తానే చేసిన ఇనుప పళ్ళు, బూట్లకి తొడుక్కునేవి, బల్ల మీద ఠంగున పెట్టాడు.

"ఇవి తొడుక్కుంటే జారదు. దానికి చెప్పు."

"వస్తుందిగా, నువ్వే చెప్పు." కాఫీ పోశాను. యాలకుల రొట్టె పెట్టాను. రెండు ముక్కలు తిన్నాడు. కోపంలో కూడా ఆకలి తగ్గని మనిషి.

"ఐసు దోనె వల్ల రాదు, తెలుసా ఇర్యా? వాతావరణం వల్ల వస్తుంది."

"మా మెట్ల మీద వాతావరణం లేదు మరి."

ఆ మాటకి నా వైపు చూసి, వేలితో బల్ల మీద పొడి నలిపాడు.

సైమా లోపలికి వచ్చింది. ముఖం ఎర్రగా, ఒంటి నుంచి ఆవిరి లేస్తూ, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని. వాకిట్లోంచి వంటింటిదాకా కర్ర లేకుండానే వచ్చింది. ఇనుప పళ్ళ వైపు చూసింది.

"ఇవెవరికి?"

"నీకే. ఇంతసేపూ కూర్చుని చేశాను."

"సౌనాకి వెళ్ళేది వట్టి కాళ్ళతో వెర్నర్. గుర్రంలా నాడాలు కొట్టించుకుని కాదు." కుర్చీ లాక్కుని మెల్లగా కూర్చుంది. "ఆ మెట్టు పైన అతుకు ఉన్నంతకాలం నేను ఇక్కడికే వస్తాను. ప్రతి శనివారం. వీధిలోంచే."

"జనం ఏమనుకుంటారు?"

"దోనె కోసినప్పుడు జనం గుర్తురాలేదా?"

ఆయన లేచాడు. వెనక తలుపు తీసుకుని మా వరండాలోకి పోయాడు. మా వరండా ఇంటి పొడుగునా ఉంటుంది. చూరు చేతికందే ఎత్తు. చేతి తొడుగు తీసి దోనె అడుగున అరచెయ్యి పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకి మెల్లగా నడిచాడు. ఎక్కడో ఒకచోట అతుకు తగలకపోతుందా అని వెతుకుతున్నాడు. కిటికీలోంచి నేనూ సైమా చూస్తున్నాం. కొస దగ్గర ఆగాడు. తిరిగి అదే చేత్తో మొదటిదాకా వచ్చాడు. అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. పొడిగానే ఉండి ఉంటుంది.

"ఇంకో కప్పు పొయ్యమంటాడేమో అడుగు," అంది సైమా, ఆయన కోసం కాదన్నట్టు.

నేను తలుపు దాకా వెళ్ళేసరికి వరండా ఖాళీగా ఉంది. తొడుగు వేసుకోని ఆ చేతిని ఒంటికి దూరంగా పట్టుకుని, కంచె పక్కగా తన ఇంటివైపు, వెనక్కి తిరగకుండా పోతున్నాడు. వెళ్తున్నానని ఆమెకి చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఇనుప పళ్ళు బల్ల మీదే ఉన్నాయి.