నాడె కన్నూ, పెదనాన్న దవడా

మా పెదనాన్న ఏడుకొండలు నలభై ఏళ్లు గుంటమగ్గం మీదే బతికాడు. చల్లపల్లి దగ్గర మా ఊరు. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచి నేను ఆయన పక్కన కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేదాన్ని. ఎవరితో మాట్లాడుతున్నా, గుంటలో మగ్గం తొక్కే ఆయన కాళ్లు ఆగేవి కావు.

2009లో ఆయన కింది దవడలో తిత్తి ఒకటి పెరిగి, ఎముకను లోపల్లోపలే తినేసింది. బెజవాడలో బెంజ్ సర్కిల్ దగ్గరి ఆసుపత్రిలో తిత్తిని తీసేశారు. మిగిలిన ఎముక కోడిగుడ్డు పెంకులా ఉందని, గట్టిగా నమిలితే విరుగుతుందని డాక్టర్ నుస్రత్ గారు చెప్పారు.

"తుంటి ఎముకలోంచి ముక్క తీసి పెట్టొచ్చండి. కానీ కొన్నాళ్లు కాలు కదపకూడదు."

"కాలు కదలకపోతే మగ్గం ఎట్టాగండీ?" అన్నాడు పెదనాన్న.

"ఇంకో దారుంది. ఇంకా పరిశోధనలోనే ఉంది, తప్పకుండా పనిచేస్తుందని మాటివ్వలేను. మీ బుగ్గ లోపల్నుంచి కాస్త కొవ్వు తీస్తాం. అందులో ఇంకా ఏ పనీ నేర్చుకోని కణాలుంటాయి. మూలకణాలంటాం. వాటిని ల్యాబులో పెంచి దవడలో పెడితే ఎముక అవుతాయని ఆశ."

పెద్దమ్మ చౌడేశ్వరి నవ్వాపుకోలేకపోయింది. "ఈయనకి కొవ్వెక్కువని ముప్పై ఏళ్ల నుంచీ మొత్తుకుంటన్నానండీ. ఇన్నాళ్లకి పనికొచ్చింది."

పెదనాన్న నవ్వలేదు. "మగ్గం పక్కన కూర్చోబెడితే పిల్లలకి నేత వచ్చుద్ది. అట్టాగే ఎముక పక్కన పెడితే వాటికి ఎముక పని వచ్చుద్దన్నమాట" అన్నాడు. డాక్టర్ గారు ఆ మాట కాగితం మీద రాసుకున్నారు.

కొవ్వు తీశాక కణాలు పెరగడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మా ఇంట్లో మనిషొకరు ఊరెళ్లినట్టే ఉంది. పెదనాన్న నేస్తూ నేస్తూ ఆగి, "ఇప్పుడేం తింటన్నాయో" అనేవాడు. నా రాట్నం తిరుగుతుంటే కళ్ల ముందు ఒక గాజు పళ్లెం తేలేది. వెచ్చని పెట్టెలో, మంచు కమ్మిన నారుమడిలా, ఆయన బుగ్గ అక్కడ మొలకెత్తుతూ ఉండేది. మా కాలవ నీళ్లు బెజవాడ నుంచే వస్తాయి. సాయంత్రాలు ఆయన గట్టున కూర్చుని, కబురేదైనా తెచ్చాయేమోనన్నట్టు ఆ నీళ్లకేసి చూసేవాడు.

కణాలను దవడలో పెట్టిన రోజున డాక్టర్ గారు జాగ్రత్తలు చెప్పారు. రెండు నెలలు బీడీ తాగకూడదు. కొబ్బరినీళ్లు కూడా స్ట్రాతో తాగకూడదు. నోటితో పీలిస్తే కుట్లు లాగి, లోపల పెట్టింది కదిలిపోతుంది. పెదనాన్న బీడీకట్ట ఆమె బల్ల మీదే వదిలేశాడు.

పదో రోజున "ఊరికే చూస్తా" అంటూ మగ్గం గుంటలో దిగాడు. పోగును అటూ ఇటూ మోసే పడవలాంటి కొయ్య నాడెలో కండెను పెట్టి, నాడె పక్క చెక్కకున్న చిన్న కన్నును పెదవులకు ఆనించి సర్రున పీల్చాడు. పోగు బయటికొచ్చింది. మావాళ్లందరూ పోగును అలాగే లాగుతారు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న పని. అదీ పీల్చడమేనని ఎవరికీ తోచలేదు.

నాకు తోచింది. అప్పటికే రెండో కండె కూడా అయిపోయింది. మూడోసారి నాడె పెదవుల దగ్గరికి వెళుతుంటే లేచి లాక్కున్నాను.

"ఏందే, పిల్లా?"

"స్ట్రా" అన్నాను.

ఆయన చెయ్యి మెల్లగా దవడ మీదికి వెళ్లింది.

మర్నాడు మొదటి బస్సుకే బయల్దేరాం. నాడెను తువ్వాల్లో చుట్టుకుని నేనే తీసుకెళ్లాను. ఎలా పీలుస్తామో డాక్టర్ గారికి చేసి చూపించాను.

"ఇది నాకు చెప్పనే లేదే మీరు!"

"మాకు తెలిస్తేగదండీ చెప్పటానికి" అంది పెద్దమ్మ.

ఒక కుట్టు తెగింది. మళ్లీ వేశారు. లోపల ఏమైందో నాలుగు నెలలకు గానీ తెలియదన్నారు.

ఆ నాలుగు నెలలూ ప్రతి కండెకూ పోగు నేనే పీల్చాను. ఎరుపు నేసే రోజున నాలుక ఎర్రగా, నీలం నేసే రోజున నీలంగా ఉండేది. ఆయన నాడె నాకిచ్చి కళ్లు మూసుకునేవాడు.

చివరికి డాక్టర్ గారు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టారు. నల్లటి ఖాళీలో పల్చగా తెలుపు, మగ్గం మీద మొదటి జానెడు బట్టలా. కుట్టు తెగిన వైపు ఒక మూల మాత్రం నల్లగానే ఉంది.

"ఆ మూల రాలేదు. మిగతాది పట్టింది" అన్నారు.

ఇంటికి రాగానే పెదనాన్న గుంటలో దిగి చెయ్యి చాచాడు. "నాడె ఇటు తే."

నేను ఇవ్వబోయి ఆగాను.

"రెండు నెలలన్నారు, నాలుగైనాయి. ఇవ్వవే!"

ఇచ్చాను. ఆయన పీలిస్తే సర్రున పోగు వచ్చిన ఆ చిన్న చప్పుడుకు పెద్దమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. నా నాలుక మీద మాత్రం ఇంకా నీలం ఉంది.