నా చేతులకు దొరికిన విడుదల

సహోదరులారా, అక్కల్లారా, రెండేండ్ల కిందట నేను నా కడుపున పుట్టిన బిడ్డను పాతచీరతో మంచం కాలికి కట్టేసి, శెనక్కాయ చేన్లో కలుపు తీసేకి పోతాంటి. ఈ మాట మీ ముందర చెప్పేకి సిగ్గుగా ఉండాది, అయినా చెప్పకుంటే దేవుడు నాకు చేసిన మేలు మీకు తెలీదు.

నా పేరు సువార్తమ్మ. మాది గుమ్మఘట్ట పక్క పల్లె. మా ఆయన గొర్రెలు మేపుతాడు, వానల్లేని ఏడు మేత కోసం నెలల తరబడి కర్ణాటక దిక్కు పోతాడు. మా కరుణకు ఇప్పుడు ఏడేండ్లు. మూడేండ్లు నిండినా మాట రాలేదు, పిలిస్తే తిరిగి చూసేది కాదు, ఏం కావల్లో చెప్పలేక చేయి కొరుక్కునేది, తల గోడకేసి కొట్టుకునేది, వాకిలి తెరిస్తే చాలు రోడ్డు మీదికి పరిగెత్తేది, అందుకే కట్టేస్తాంటి.

ఊర్లోవాళ్లు దయ్యమన్నారు. మన సంఘంలో కూడా అదే అనుకొని, వేరే ఊరినుంచి ప్రార్థన చేసే ఆయన్ను పిలిపించినారు. ఇద్దరు బిడ్డ కాళ్లూ చేతులూ పట్టుకుంటే ఆయన చెవి దగ్గర గట్టిగా అరిచినాడు, బిడ్డ భయంతో బట్టలు తడుపుకునింది. ఆ పొద్దు నుంచి మందిరం గోడ కనపడితేనే ఏడ్చేది, నేనూ మందిరానికి వచ్చేది మానుకున్నా.

ఒకనాడు మధ్యాన్నం అన్నం పళ్లెం విసిరేస్తే చెంప మీద కొట్టినా. అదేం కొత్త గాదు, రోజూ కొడతాంటి. రెండు దినాలకు బిడ్డ చేతిలో చెంబు జారి కింద పడింది. నేను లేవకముందే కరుణ నా దగ్గరికొచ్చి, నా చేయి పట్టుకొని, దాంతో తన చెంప తనే కొట్టుకునింది. ఏడవలేదు. పని అయిపోయినట్టు పోయి మూలన కూచునింది.

సహోదరులారా, నేల మీద పడి, "ప్రభువా, బిడ్డను బాగు చేయమని ఇన్నేండ్లు అడిగినా, ఈ పొద్దు నన్ను బాగు చేయి తండ్రీ, ఈ చేతులు నువ్వు పట్టుకో, నా వల్ల కావడం లేదు" అని ఏడ్చినా.

మాపటేళ బిడ్డను సంకనేసుకొని మన సంఘం పాస్టరమ్మ దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పినా. తిడతాదనుకున్నా. ఆమె బిడ్డను తాకకుండా, కొంచెం ఎడంగా నేల మీద కూచొని, "సువార్తా, ఆ ప్రార్థన చేసే ఆయన్ను పిలిపించింది మేమే. బిడ్డను బెదరగొట్టినాం. మమ్మల్ని క్షమించమ్మా" అనింది.

సోమవారం ఆమే మమ్మల్ని బస్సులో రాయదుర్గానికి, ఇట్లాంటి పిల్లల బడికి తోడుకొని పోయింది. ఆడ టీచరమ్మ బిడ్డను చానాసేపు చూసి, "దయ్యమూ లేదు, పొగరూ లేదు. చెప్పేకి మాటల్లేక కొరుకుతాది, అంతేనమ్మా" అనింది. నీళ్లు, అన్నం, బయటికి, చాలు అని ఒక్కోదానికి ఒక్కో బొమ్మ గీసిన అట్టముక్కలిచ్చి, వాటితో అడిగేది బిడ్డకు ఎట్ల నేర్పాల్నో చూపించింది.

ఒక్క దినంలో ఏమీ కాలేదు. నెలల తరబడి అట్టలు చింపింది, నన్ను కొరికింది. ఎన్నోసార్లు కొట్టేకి నా చేయి లేచింది, అప్పుడల్లా యేసయ్యా అనుకుంటా బయటికొచ్చి నిలబడతాంటి. మా ఆయన గొర్రెలను తమ్మునికి అప్పజెప్పి, బిడ్డను చూసుకునేకి ఇంటికొచ్చేసినాడు. ఒక పొద్దున తల దువ్వుతాంటే, అదంటే కరుణకు గిట్టదు, కొరుకుతాదని నేను కాచుకొని ఉంటే, బిడ్డ లేచిపోయి 'చాలు' అట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. దువ్వెన పక్కన పెట్టేసినా. సగం జడతోనే ఆ దినమంతా తిరిగింది, దాన్ని చూసి నవ్వుకుంటా ఏడ్చినా.

నన్ను ఇంకా అమ్మా అని పిలవలేదు. మాట వస్తాదో రాదో బడివాళ్లు చూపించిన డాక్టరు కూడా చెప్పలేదు. కట్టేసేది పోయింది, కొట్టేది పోయింది, ఇంట్లో నెమ్మది వచ్చింది. బిడ్డకు గట్టి శబ్దం పడదని సంఘం పెద్దలు స్పీకరు అవతలికి తిప్పినందుకు ఇప్పుడు రెండు పాటల సేపు మందిరంలో కూచుంటాది, ఆపైన వాళ్ల నాయనతో బయటికి పోతాది. నాకు ఇంత చేసిన దేవునికే మహిమ.

మీ ఇంట్లో ఇట్లాంటి బిడ్డ ఉంటే దాచిపెట్టొద్దండి. నన్ను పట్టుకున్న దేవుడు మిమ్మల్నీ పట్టుకుంటాడు, నమ్మండి. ఆదివారం బిడ్డను తోడుకొని రాండి. అరిస్తే అరవనీ. వెనక చాప మీద మీ పక్కన నేను కూచుంటా.