పిడికిలి మూసే పగడం

2004లో కడపలో, ఏడురోడ్ల కూడలికి రెండు సందుల అవతల నాకొక చేపల దుకాణం ఉండేది. తినే చేపలు కాదు, చూసే చేపలు. ఆ మాట బోర్డు మీద రాయించాక కూడా ఆదివారాలు ఇద్దరు ముగ్గురు సంచులు పట్టుకుని వచ్చేవాళ్ళు. నేను చదివింది మెరైన్ బయాలజీ, సముద్రం ఒడ్డున ఉన్న యూనివర్సిటీలో. ఆ చదువుకు సముద్రం దగ్గర ఉద్యోగం దొరకలేదు గనక కడపలో గోల్డ్‌ఫిష్‌లు అమ్మేవాణ్ణి. షాపు వెనక నాకోసమని రెండడుగుల ఉప్పునీటి తొట్టి ఒకటి పెట్టుకున్నాను. బేరాల్లేని మధ్యాహ్నాలు దాని మూత తీసి వాసన చూసేవాణ్ణి. అంతకు మించిన సముద్రం నా దగ్గర లేదు.

ఆ ఏడు చలికాలంలో కోయిలకుంట్ల నుంచి మద్దిలేటి అనే పెద్దాయన వచ్చాడు. కాలువల శాఖలో రిటైరైన మనిషి. కాలువలో నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో రోజూ పుస్తకంలో రాయడం ఆయన ఉద్యోగం. ఎక్కువ నెలలు సున్నా రాసేవాణ్ణని తనే చెప్పాడు.

"ఏమప్పా, పిడికిలి మూసి తెరిచే పువ్వు ఉండాదా నీ దగ్గర?"

"పువ్వులు గుడి దగ్గర అమ్ముతారు సార్."

"నీళ్ళలో పువ్వప్పా. రాతికి కరుచుకోని ఉంటాది. అల లేదు, గాలి లేదు, దాని పాటికది మూస్తాది, తెరుస్తాది."

రిటైరైన ఏడు భార్య ఓబుళమ్మతో అండమాన్ టూరు పోయాడట. అక్కడ అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కించారు. ఒడ్డు వదిలింది మొదలు ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని అహోబిలం నరసింహస్వామిని పిలుస్తూ కూర్చుంది. ఆ పువ్వును ఈయన ఒక్కడే చూశాడు.

"ఐదేండ్ల నుంచి చెప్తాండా. పువ్వు పిడికిలి మూసేదేందని నవ్వుతాది. ఇప్పుడు ఆమెకు చక్కెర కండ్లకెక్కింది. ఉండే చూపు గూడ నిదానంగా పోతాదన్నాడు కర్నూలు డాక్టరు. అది పొయ్యేలోపల చూపియ్యాల."

ఆయన చూసింది పువ్వు కాదు, సాఫ్ట్ కోరల్. అంటే లోపల రాతి గూడు లేని మెత్తని పగడం. పువ్వులా కనిపించే ఒక్కొక్క జీవినీ పాలిప్ అంటారు. రాయి కట్టే పగడాల జోలికి పోతే చట్టం మన జోలికి వస్తుంది గనక నేను మెత్తవే తెప్పించేవాణ్ణి. వాటికి వ్యాపారంలో ఉన్న పేర్లు అమ్మేవాళ్ళ కంటికి ఏది ఎలా కనిపిస్తే అలా పెట్టినవి. బొత్తాం, గొడుగు, క్యాబేజీ. ఒకే పగడానికి నాలుగు పేర్లుంటాయి, ఒకే పేరుతో నాలుగు పగడాలు తిరుగుతుంటాయి. ఈ గొడవ పడలేకే మనుషులు పేర్లకోసం లాటిన్‌కు దణ్ణం పెట్టారని మా ప్రొఫెసర్ అనేవారు.

ప్రొఫెసర్ మాట గుర్తుండీ నేను చెన్నై హోల్‌సేలరు జాబితా తిరగేశాను. అందులో 'వేవింగ్ హ్యాండ్' అని కనబడింది. ఊపే చెయ్యి. చెయ్యంటూ ఉన్నాక పిడికిలి ఉండదా అనుకున్నాను. ఆర్డరిచ్చాను.

కోయిలకుంట్లలో తొట్టి పెట్టిన రోజు వీధంతా వచ్చింది. మంచినీళ్ళకు బిందెలు వరసపెట్టే ఊళ్ళో, డబ్బిచ్చి కొన్న మంచినీళ్ళలో ఉప్పు కలుపుతున్న మనిషిని చూడ్డానికి. ఓబుళమ్మ అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూసింది.

"ఇదేనా? ఊగుతాండాది. మా జొన్నచేనూ ఊగుతాది, దానికి అండమాన్ పోవల్లనా?"

మద్దిలేటి నావైపు ఒకసారి చూసి, "ఇదే" అన్నాడు. వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే మెల్లగా అన్నాడు: "ఇది కాదప్పా."

"తెలుసు సార్" అన్నాను. తెలిసి అప్పటికి పది నిమిషాలైంది.

మర్నాడు పాత టెక్స్ట్‌బుక్ దుమ్ము దులిపాను. నేను తెచ్చిపెట్టింది ఆంథీలియా. నీళ్ళు కదిలితే కదులుతుంది. ఆయన అడిగింది దాని దాయాది జెనియా. నీళ్ళు నిలకడగా ఉన్నా తమంత తామే ముడుచుకుని విచ్చుకునేవి పగడాలలో ఆ కుటుంబంలోనే కొన్ని. ఆయన మొదటిరోజే గుర్తు చెప్పాడు: అల లేదు, గాలి లేదు. లాటిన్ రాని మనిషి అంత సరిగ్గా వర్ణిస్తే, లాటిన్ వచ్చిన నేను జాబితాలో పేరు చూశాను.

హోల్‌సేలరుకు ఫోన్ చేస్తే "అన్నీ ఒకటే సార్" అన్నాడు. ఇక నేనే రైలెక్కాను. అతని గోదాములో తొట్టి తొట్టికీ నిలబడి చూశాను. చివరి మూలన, 'పింక్ ఫ్లవర్' అని చీటీ అంటించిన తొట్టిలో, బూడిదరంగు గుత్తి ఒకటి పిడికిళ్ళు మూస్తోంది, తెరుస్తోంది. పరీక్షలో దాని గురించి రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, ప్రాణంతో చూడటం అదే మొదలు. ప్యాక్ చేయమని చెప్పడానికి అరగంట పట్టింది.

థర్మకోల్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ప్రొద్దుటూరులో బస్సు మారి, కోయిలకుంట్ల చేర్చాను. ఓబుళమ్మ ముక్కు అద్దానికి నొక్కుకుని చూసింది.

"మూస్తాందే!" అంది. మళ్ళీ చూసి, మొగుడివైపు తిరిగింది. "ఎర్రగా ఉంటాదంటివే? ఇది బూడిద గదా."

"అప్పుడు ఎర్రదే" అన్నాడు మద్దిలేటి.

"మనమూ అప్పుడు ఎర్రగానే ఉంటిమిలే" అని నవ్వింది.

నీళ్ళు మార్చడానికి నెలనెలా పోయేవాణ్ణి. పోయిన ప్రతిసారీ ఆమె అద్దానికి ఇంకొంచెం దగ్గరగా కనిపించేది. తర్వాత అద్దానికి ఆనుకున్నా చాలలేదు. అప్పుడు ఆయన పక్కన కూర్చుని ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, తొట్టిలో అది మూస్తే మూసేవాడు, తెరిస్తే తెరిచేవాడు. "ఇప్పుడు పెద్దది. ఇదిగో, చిన్నది." నీళ్ళు వేడెక్కకూడదని ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానూ తొట్టివైపే తిరిగి ఉండేది.

మరుసటి ఎండాకాలం కరెంటు కోతల్లో ఆయన ఫోన్ చేశాడు.

"పాయె అప్పా. కరిగిపాయె. ఆమెకు చెప్పొద్దు. ఇంకోటి తెప్పియ్యి."

జెనియా అంతే. పోతే ఆనవాలు లేకుండా కరిగిపోతుంది, భరించలేని కంపు కొడుతుంది. చెన్నైలో మళ్ళీ దొరకలేదు. ఆ సంగతి చెప్పడానికే పోయాను. ఆయన ఖాళీ రాయిని చూస్తూ ఆమె వేళ్ళు మూస్తున్నాడు, తెరుస్తున్నాడు. నన్ను చూసి, నోటిమీద వేలు పెట్టి, టీ పెడతానని లోపలికి పోయాడు.

ఓబుళమ్మ నా అడుగుల వైపు తిరిగింది.

"అది పోయి వారమాయె నాయనా. కండ్లు పోయినాయి గానీ ముక్కు పోయిందా? నాకు తెలుసని ఆయప్పకు చెప్పొద్దు. చెప్తే చెయ్యి వదిలేస్తాడు."

ఆ తర్వాత నా దుకాణానికి ఎవరు ఏ పేరు చెప్పుకుని వచ్చినా, పేరు పక్కన పెట్టి అది ఏం చేస్తుందో చెప్పమనేవాణ్ణి. వృత్తిలో నేను నేర్చుకున్నది అది.

తొట్టి తీసెయ్యమని మాత్రం ఆ ఇద్దరిలో ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. నెలనెలా కోయిలకుంట్ల పోయి, ఒక రాయికి ఉప్పునీళ్ళు మార్చి వచ్చేవాణ్ణి.