అరచెంచా నెయ్యి

హిందూపురంలో మాకు జువాలజీ చెప్పిన సారుకు క్లోమం పాఠమంటే మహా ఇష్టం. "మనం కొవ్వు తింటాంటే క్లోమం దాన్ని అరిగించే ఎంజైము ఎక్కువ తయారుచేస్తాది. మానేస్తే తగ్గిస్తాది. మళ్లీ పెంచాలంటే కొన్ని దినాలు పడతాదప్పా" అనేవారు.

ఆయన భార్యను మేం మేడం అనేవాళ్లం. ఆమెకు జబ్బు చేస్తే డాక్టరు చాలాకాలం నూనె, నెయ్యి మాన్పించారు. ఆమె ఒక్కతే చప్పిడి తినడం చూడలేక సారూ మానేశారు. చివరికి ఒకరోజు, కొద్దికొద్దిగా మొదలుపెట్టమన్నారు డాక్టరు.

ఆ వారమే ధర్మవరంలో మేడం తమ్ముడి ఇంట విందు. నేనూ వెళ్లాను. తమ్ముడు కొవ్వుముక్కలు తేలే వేటకూర గిన్నె పట్టుకొచ్చాడు.

"అక్కకు వద్దులే, నువ్వన్నా తిను బావా."

సారు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టారు. "మీ అక్క క్లోమమూ నాదీ ఒకే క్లాసులో ఉండాయబ్బా. ఇద్దరం కలిసే పాసవుతాం."

అందరూ నవ్వారు. సారు మాత్రం మేడం సంగటి మీద అరచెంచా నెయ్యి, తన సంగటి మీద అరచెంచా వేశారు.

మూడు నెలలకు పెనుకొండలో వాళ్లింటికి నన్ను భోజనానికి పిలిచారు. వేటకూర మేడమే వండారు. తింటూ తింటూ సారు కళ్లు తుడుచుకున్నారు.

"కారమైందా సార్?" అన్నాను.

"కాదప్పా. మీ మేడం రెండోసారి వడ్డించుకుంటాండాది, సూడు."