మునికృష్ణప్ప ముద్ద మింగిన విధము

మనిషికి నోటినిండా పళ్ళిచ్చిన దేవుడు రాగిముద్ద విషయంలో మాత్రం వాటికి సెలవు ప్రకటించాడని గుడిబండె మునికృష్ణప్ప సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని ఆయన ప్రతి ఆదివారం మధ్యాహ్నం, బాగేపల్లిలో హైవే పక్కనున్న కెంపమ్మ మెస్సులో, బెంగళూరు నుంచి వచ్చిన అతిథుల ముందు, చేయి కడుక్కుని నిలబడి ప్రవచించేవాడు. ప్రవచించి ఊరుకునే రకం కాదు. పొగలు కక్కే ముద్దలోంచి నిమ్మకాయంత తుంచి, వేళ్ళ మధ్య దొర్లించి, బొటనవేలితో గుంట చేసి, పులుసులాంటి సారులో ముంచి, నోట్లో వేసుకుని పెదవులు మూసేవాడు. అందరి కళ్ళూ ఆయన మెడ మీదే. గొంతులోని ముడి ఒకసారి పైకెక్కి కిందికి దిగేది. చప్పట్లు మోగేవి.

"పండ్లతో పనిల్యా. నమిల్తే పండ్లకంతా అంటుకుంటాది. నాలిక మీద పెట్టండి, సారే దారి చూపిస్తాది" అనేవాడు.

అతిథులు ప్రయత్నించేవారు. కొందరు దగ్గేవారు. ఒకరిద్దరు చాటుగా నమిలేవారు. నమిలినవాళ్ళను ఆయన ఇట్టే పసిగట్టి, సొంత బిడ్డ పరీక్షలో తప్పినంత దిగులుగా చూసేవాడు.

ఇంతటి పదవి ఆయనకు పుట్టుకతో రాలేదు. అంతకుముందు గుడిబండె నుంచి బాగేపల్లికీ చింతామణికీ తిరిగే ప్రైవేటు బస్సులో కండక్టరు. బస్సు ఆగిన ప్రతిచోటా ఏ హోటల్లో ఏది తినవచ్చో, ఏది తింటే పక్క ఊళ్ళో దిగి పరుగెత్తాల్సి వస్తుందో, ప్రయాణికులకు ఉచితంగా చెప్పేవాడు. బస్సు మూతపడ్డాక ఆ జ్ఞానం నిరుద్యోగి అయింది. అప్పుడు బెంగళూరులో సహన అనే అమ్మాయి, సొంతూరు చింతామణి, "మూడూళ్ళ తిండియాత్ర" అని ఒక కంపెనీ పెట్టింది. మనుషుల్ని వ్యానులో ఎక్కించుకుని, పొద్దున చిక్కబళ్ళాపురంలో పళ్ళెమంత తట్ట ఇడ్లీ, మధ్యాహ్నం బాగేపల్లిలో ముద్ద, సాయంత్రం చింతామణిలో బొరుగులు తినిపించి ఇళ్ళకు చేర్చడం దాని పని. తినడానికి టిక్కెట్టు కొని ఊళ్ళు తిరిగేవాళ్ళు ఉంటారంటే మునికృష్ణప్ప మొదట నమ్మలేదు. తర్వాత ఆ యాత్రకు తానే ఆచార్యుడయ్యాడు. ఇడ్లీకి పళ్ళు కొంచెం కావాలి, బొరుగులకు బాగా కావాలి, ముద్దకు అసలు వద్దు: ఇదీ వ్యానులో ఆయన మొదటి పాఠం.

ఒక ఆదివారం, రాగి కోతలు అయిపోయిన రోజుల్లో, కెంపమ్మ మెస్సులో ముద్ద దిగలేదు. పెదవులు మూశాడు, ముడి పైకెక్కింది, కిందికి దిగుతూ దారిలో ఆగిపోయింది. గ్లాసెడు సారు తాగితే గానీ కదల్లేదు. చప్పట్లు ఆలస్యంగా మోగాయి. మునికృష్ణప్ప కళ్ళు తుడుచుకుని, అతిథులందరి ముందూ కెంపమ్మను పిలిచి, ముద్దలో పిండి ఉండలు కట్టిందన్నాడు.

కెంపమ్మ పెళ్ళయినప్పటినుంచీ ముద్ద తిప్పుతున్న మనిషి. మాట్లాడకుండా అదే గిన్నెలోంచి ఇంకో ముద్ద తీసి, పళ్ళెంలో రెండుగా చీల్చి, వేలితో పామి చూపించింది. ఉండ లేదు. అయినా తీర్పు వెలువడిపోయింది. తర్వాతి ఆదివారం మళ్ళీ అలాగే అడ్డుపడేసరికి యాత్ర దారి మార్చుకుంది. వ్యాను కెంపమ్మ మెస్సు ముందు నుంచే, ఆగకుండా, యశోదమ్మ మెస్సుకు పోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. అన్నం నమిలి తినే సీమల్లో గొంతులో పుట్టే ఈ జబ్బు చాలా కాలం తలుపు తట్టాలి. మెత్తగా నమిలింది ఎలాగో జారిపోతుంది గనక మనిషికి వినపడదు. ముద్దను నమలకుండా మింగే మన తాలూకాల్లో తొలి రోజే వినపడుతుంది. మునికృష్ణప్పకు కూడా వినపడింది. వినపడగానే ఆయన పిండిని అనుమానించాడు.

యశోదమ్మ ముద్ద కొన్నాళ్ళు నడిచి అదీ అడ్డుపడింది. ఆమె రాగులు కొత్తవి, జిగురు ఎక్కువ అని తేల్చాడు. మూడో మెస్సువాడిది పాత రాగి, కాని మరపట్టించిన మిల్లు మంచిది కాదు. నాలుగో చోట నీళ్ళ దోషం. ఇంట్లో భార్య జయలక్ష్మమ్మ మిల్లు మార్చింది, జల్లెడ మార్చింది, చివరికి పాత పంచె గుడ్డలో పిండి జల్లించింది. ఆయన తుంచే ముద్ద మాత్రం నిమ్మకాయ నుంచి ఉసిరికాయకూ, ఉసిరికాయ నుంచి రేగుపండుకూ దిగింది. మందుల షాపులో గ్యాసు మాత్రలు కొనుక్కుని జేబులో వేసుకునేవాడు. ఒళ్ళు తగ్గితే, వయసులో నాజూకుతనం మంచిదేనన్నారు చూసినవాళ్ళు.

లోకం దీన్ని జబ్బుగా కాక పాండిత్యంగా గుర్తించింది. మా గైడు నాలుక అంత సూక్ష్మమని, ఏ మెస్సునూ మూడు వారాలకు మించి భరించలేడని సహన కంపెనీ పేజీలో రాయించింది. వచ్చినవాళ్ళు రేటింగులో చుక్కలు కుమ్మరించారు. ఆయన అడుగు పెడితే మెస్సుల్లో గరిటెలు నిశ్శబ్దమయ్యేవి. పిండి రెండుసార్లు జల్లించడం, తెడ్డుతో పట్టుపట్టి తిప్పడం మొదలైంది. మునికృష్ణప్ప గొంతు పూడుకుపోతున్న ఆ ఏడాది బాగేపల్లి మొత్తం మీద ముద్ద నాణ్యత పెరిగిందని తిన్నవాళ్ళు ఇప్పటికీ ఒప్పుకుంటారు.

దొంగతనం ఇంట్లో బయటపడింది. ఒక సోమవారం మధ్యాహ్నం జయలక్ష్మమ్మ సారు గిన్నె తీసుకుని వంటింట్లోంచి వచ్చేసరికి మొగుడి దవడ కదులుతూ ఉంది. ఆమె గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన్ని ఇంకో ఆడదానితో చూసి ఉన్నా అంత నివ్వెరపోయేది కాదేమో.

"ఏం చేస్తాండావు?"

"తింటాండా."

"నములుతాండావు."

మునికృష్ణప్ప జవాబు చెప్పబోయి మింగాడు. అది దిగలేదు. లేచి పెరట్లోకి పోయి చాలాసేపటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పిండి బాగల్యా" అన్నాడు.

"పిండిని అనొద్దు. నేను జల్లించిన పిండి అది." ఆమె గిన్నె కింద పెట్టింది. "ఎన్నాళ్ళనుంచి నములుతాండావు?"

మరుసటి రోజు ఆమే ఆయన్ని ఆసుపత్రికి బస్సెక్కించింది.

చిక్కబళ్ళాపురంలో చూసి బెంగళూరుకు రాసిచ్చారు. బెంగళూరులో గొట్టానికి లైటు కట్టి గొంతులోకి దించారు. తెర మీద అన్నవాహిక కనిపించింది. ఒక గడ్డ పెరిగి, దారి గడ్డిపోచ పట్టేంత మిగిలింది. ముక్క తీసి పరీక్షకు పంపారు, కడుపు ఫొటోలు తీశారు, వారం తర్వాత మళ్ళీ పిలిచారు. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. ఎప్పటినుంచి అడ్డుపడుతోందని కన్నడంలో అడిగాడు. మునికృష్ణప్పకు నెలలు గుర్తు రాలేదు, మెస్సులు గుర్తొచ్చాయి. వేళ్ళు మడుస్తూ వెనక్కి లెక్కపెట్టాడు: నీళ్ళ దోషం, దానికి ముందు మిల్లు చెడ్డది, దానికి ముందు యశోదమ్మ, దానికి ముందు కెంపమ్మ. కెంపమ్మ కాడినుంచి, అన్నాడు. ఏ కెంపమ్మ అని డాక్టరు అడిగాడు. జయలక్ష్మమ్మ దాన్ని రాగి కోతల్లోకీ, అక్కడినుంచి నెలల్లోకీ మార్చి చెప్పింది. డాక్టరు పెన్ను కింద పెట్టాడు. కెంపమ్మ కాలంలో వచ్చి ఉంటే కోసి తీసేసి కుట్టేవాళ్ళమని, ఇప్పుడు కాలేయం దాకా పోయిందని, ఇక చేయగలిగింది నొప్పి తగ్గించడమూ, పొట్టకు చిల్లు పెట్టి గొట్టంతో గంజి పంపడమూ అని మెల్లగా చెప్పాడు.

గుడిబండెలో ఇంటికి రావాలంటే పేరేసంద్రలో దిగి బస్సు మారాలి. మునికృష్ణప్ప దిగలేదు. బాగేపల్లి దాకా టిక్కెట్టు తీసుకున్నాడని జయలక్ష్మమ్మకు అప్పుడు తెలిసింది. నేరుగా కెంపమ్మ మెస్సుకు నడిచాడు. ఆదివారాల బేరం పోయాక ఆమె ఒక పూటే వండుతోంది. ఆ వేళకు పాత్రలు తోముతోంది.

"నీ ముద్దలో ఏమీ ల్యా కెంపమ్మా" అన్నాడు నిలబడే. "నా గొంతులో క్యాన్సర్ అంట."

కెంపమ్మ చేతులు కడుక్కుని కుర్చీ లాగింది.

"ముద్దలో ఏమీ లేదని నాకు ఆపొద్దే తెలుసప్పా" అంది. "గొంతులో ఉండాదని యాడ తెలుసు? యశోదమ్మ నీకు కమీషన్ ఇస్తాదేమో అనుకున్నా. నోటికొచ్చినట్ల తిట్టుకున్నా."

"తిట్టినా తిట్టకున్నా ఇది వచ్చేదేలే."

"నువ్వు నాతో కొట్లాడింటే బాగుండు. నేనన్నా కొట్లాడింటే బాగుండు. పదిమందీ చేరి ఎవురో ఒకరు నీ గొంతు చూసిందురు."

ఆమె కాఫీ ఇచ్చింది. అది కూడా చెంచా చెంచాగా తాగాడు.

సహనకు కబురు చేరితే ఫోనులోనే ఏడ్చింది. ఏడ్చాక, కేవలం మాట్లాడటానికి ఒక్కసారి రాగలరా అని అడిగింది, అతిథులు ఆయన పేరు చూసే టిక్కెట్లు కొన్నారట. కెంపమ్మ మెస్సులో అయితేనే వస్తానన్నాడు. వెళ్ళాడు. గైడుగారికి వ్రతముందని, ఈరోజు ఏమీ తినరని సహన అతిథులకు చెప్పింది. వాళ్ళు దానికీ చప్పట్లు కొట్టారు. మునికృష్ణప్ప తుంచడం, దొర్లించడం, గుంట చేయడం చూపించి, అక్కడితో ఆగి, ఇంక మీరు అన్నాడు. అందరూ నోట్లో వేసుకున్నారు. ఆయన పళ్ళేల వంక చూడలేదు. ఒక్కొక్క మెడనూ వరుసగా, చివరి మనిషి దాకా చూశాడు. లావుపాటి ఒకాయన దగ్గాడు. మునికృష్ణప్ప ఆయన దగ్గరికి పోయి, ఇంతకుముందు కూడా ఇట్ల అయిందా అని చెవిలో అడిగాడు. వాట్సాప్ చూస్తూ మింగాను, అందుకే, అన్నాడాయన. మునికృష్ణప్ప భుజం తట్టి వచ్చేశాడు.

గొట్టం పెట్టించుకున్నాడు. రాగులు గొట్టంలో పోతాయా అని ఒక్కటే అడిగాడు. పలచగా కాచి వడకడితే పోతాయన్నారు. జయలక్ష్మమ్మ పంచె గుడ్డలో వడకట్టి, సిరంజితో, పూటపూటకూ గంజి పంపేది. పొట్ట నిండుతున్నదని తెలిసేది గాని ఏం తిన్నానో తెలియదనేవాడు. బస్సులోనూ వ్యానులోనూ మందికి ఇన్నేళ్ళు రుచులు చెప్పిన మనిషి, కడుపులోకి పోయింది రాగో జొన్నో భార్యను అడిగి తెలుసుకునేవాడు. చివరి రోజుల్లో ఉమ్మి కూడా మింగలేక పక్కన గిన్నె పెట్టుకున్నాడు. వానలు మొదలవకముందే పోయాడు.

పదకొండో రోజు తిథి, పెద్దకర్మ. పోయినవాళ్ళ ఫొటో ముందు ఆకు పరిచి, వాళ్ళకు ఇష్టమైనవన్నీ వడ్డించడం ఇక్కడి ఆచారం. ఇక్కడ ధర్మసందేహం పుట్టింది. మునికృష్ణప్ప దాయాది వెంకటరామప్ప, ఇలాంటి సందర్భాల్లో శాస్త్రం చెప్పేవాడు, ముద్ద పెట్టకూడదన్నాడు. దానితోనే అంత బాధపడ్డాడు, దాన్నే ముందు పెడితే ఆత్మకు మళ్ళీ హింస, చివర తాగిన గంజి పెడదామన్నాడు. కొందరికి అది సబబుగా తోచింది. ఇంకొందరు రెండు వైపుల మాటా దక్కేలా రెండూ పెట్టమన్నారు. చర్చ ముదిరి, ఆత్మకు అన్నవాహిక ఉంటుందా లేదా అనే దాకా పోయింది.

జయలక్ష్మమ్మ అంతవరకూ గోడకానుకుని కూర్చుని ఉంది.

"గొంతు కాల్చేసినాం గదప్పా" అంది. "ఇంక యాడ అడ్డం పడతాది? ముద్దే పెట్టండి. పెద్దది."

పెద్దదే పెట్టారు. తిప్పింది కెంపమ్మ. బాగేపల్లి నుంచి తన తెడ్డు తానే తెచ్చుకుంది.

తర్వాత పంక్తి కూర్చుంది. ముద్ద, మాంసం సారు. మామూలుగా తిథి భోజనంలో కబుర్లు బాగా నడుస్తాయి. ఆ రోజు నడవలేదు. ఒక్కొక్కరూ తుంచి, ముంచి, నోట్లో వేసుకుని, పెదవులు మూసి, అది దిగేదాకా కదలకుండా ఆగుతున్నారు. దిగాక ఊపిరి వదిలి, మళ్ళీ తుంచుతున్నారు. ముద్ద ఎలా ఉందని కెంపమ్మ వరుస పొడవునా అడుగుతూ పోయింది. బాగలేదని ఎవరూ అనలేదు. అనే ధైర్యం ఎవరికీ లేదు.

వరుస మధ్యలో వెంకటరామప్ప దగ్గాడు. తలలన్నీ అటు తిరిగాయి. సారు కారం ఎక్కువైంది, అంతే, అన్నాడు. ఇంకో ముద్ద తుంచి, అందరూ చూస్తుండగా, మింగి చూపించాడు. అది దిగింది. అయినా ఆ మధ్యాహ్నమే ఆయన కొడుకు ఆయన్ని బండి మీద చిక్కబళ్ళాపురం తీసుకుపోయాడు. గొంతులో ఏమీ లేదన్నారు. వెంకటరామప్ప ఆ మాట రాసివ్వమని డాక్టరును అడిగాడని, అది తెచ్చి ఊరంతా చూపించాడని చెప్పుకుంటారు. జయలక్ష్మమ్మకు మాత్రం చూపించలేదు.