కుడిపక్క గీత

పోయిన ఆదివారం మా సంఘం రూములో అందరి ముందర నా పులిని కట్టేశారు. సరే, ఆటలో పులిని కట్టేయడం కొత్తా అంటారేమో. కట్టింది మా బావే గానీ, తాడు పేనింది నేను. అదీ కంప్యూటర్‌లో కూర్చుని, పట్టుబట్టి మరీ పేనినాను! టీ తాగుతూ వినండి.

పెరంబూరులో కోచ్ ఫ్యాక్టరీ నుంచి రిటైరైన తెలుగువాళ్ళకు ఒక చిన్న రూము ఉంది. సాయంత్రమైతే ఆడ చేరి, నేల మీద సుద్దముక్కతో పటం గీసుకుని పులి-మేక ఆడతాం. మూడు సోడా మూతలు పులులు, చింతగింజలు మేకలు. పులి మేక మీదుగా అవతలి ఖాళీ చోటుకు దూకితే ఆ మేకను మింగినట్టు, మేకలు అడ్డుపడి పులికి కదిలే దారి లేకుండా చేస్తే దాన్ని కట్టేసినట్టు. పటం తెలియనివాళ్ళకు చెబుతాను. పైన కొండ కొసలాగా ఒక కొన. ఆ కొన నుంచి కిందికి విచ్చుకునే నాలుగు గీతలు. వాటికి అడ్డంగా మూడు గీతలు, అన్నిటికన్నా కింద పీటలాగా ఇంకొకటి. ఆ మూడు అడ్డగీతల చివరలను కలుపుతూ ఎడమపక్క ఒక నిలువు గీత, కుడిపక్క ఒక నిలువు గీత. ఈ కుడిపక్క గీతను కొంచెం గుర్తుపెట్టుకోండి.

మా సంఘం సెక్రటరీ చెంగల్రాయుడు. మా ఆవిడకు అన్న, నాకు బావ. ఆటలో మహా తొండి మనిషి. సుద్దగీతలు ఆడేకొద్దీ చెరుగుతాయి కదా, ఆయనకు అదే పెట్టుబడి. తన మేక ఇరుక్కుంటే చాలు, గీత లేని చోటుకు జరిపేసి అరుస్తాడు: "ఈడ గీత ఉండింది బావా! నీ కాలు తగిలి చెరిగిపోయింది!"

ఈ మధ్య రూముకు కొత్తగా మొజాయిక్ వేయించారు. ఇంక నేల మీద సుద్ద పెట్టకూడదని బావ ఆర్డర్ వేశాడు. "పులి-మేక పాత ఆట. క్యారమ్స్ బోర్డు తెప్పిస్తా" అన్నాడు.

నా కుడి చూపుడువేలు ఫ్యాక్టరీలో రేకు కింద నలిగి వంకరపోయింది. స్ట్రైకర్ కొట్టలేను. క్యారమ్స్ వస్తే ఆ రూములో నా పని కిటికీ పక్కన కూర్చుని ఇతరుల చప్పుడు వినడమే.

"పటం రెక్సిన్ మీద అచ్చు వేయిద్దాం. నేల చెడదు, గీత చెరగదు" అన్నాను.

"అచ్చంటే ఇప్పుడంతా కంప్యూటర్‌లో గీయాల. ఎవురు గీస్తారు?" అన్నాడు బావ.

"నేనే."

అందరూ నవ్వారు. బావ ఇంకొంచెం ఎక్కువ నవ్వి, "కంప్యూటర్ కాడ వేలిముద్రకు ఇంకుపెట్టె ఇయ్యరు బావా!" అన్నాడు.

చూడండి, ఆ వేలిముద్ర మాట ఆయన నన్ను అనడం మొదటిసారి కాదు. నాకు అక్షరం ముక్క రాని రోజుల్లో, నా పెళ్ళిలో కూడా అన్నాడు. ఆ కసితోనే పగలు ఫ్యాక్టరీలో రేకుల మీద మార్కింగ్ చేసి, రాత్రిపూట బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. మా ఆవిడ నాగమ్మకు మొదటి జాబు రాస్తే, ఆమెకు చదివిపెట్టింది కూడా ఈ బావే! ఆ మొహం చూసి తీరాల్సింది. అట్లాంటి నన్ను ఒక పెట్టె భయపెడుతుందా?

"సరి బావా! సంఘం వార్షికోత్సవానికి నీ చేత్తో కంప్యూటర్‌లో గీసిన పటం వస్తే పులి-మేక ఉంటాది. రాకుంటే క్యారమ్స్" అన్నాడు. పందెం ముడిపడింది.

స్టేషన్ రోడ్డులో పరిమళమ్మది డీటీపీ సెంటర్. పెళ్ళి కార్డులు, విజిటింగ్ కార్డులు వేస్తుంది. తమిళామె, తెలుగు బాగానే మాట్లాడుతుంది. విషయం చెప్పగానే, "అయ్యా, అయిదు నిమిషాల పని, నేను గీసిస్తా" అంది.

"వద్దమ్మా. నా చేత్తోనే గీయాలి."

నన్ను ఎగాదిగా చూసి, "మధ్యాహ్నం పూట మెషిన్ ఖాళీ. కూర్చోండి" అంది.

కూర్చున్నాను. మౌస్ పట్టుకుని గీత లాగాను. సగం గీతకే బల్ల అయిపోయింది! మౌస్ అంచు దాటి కింద వేలాడుతోంది, గీత మాత్రం తెర మధ్యలోనే ఆగింది. "అమ్మా, ఇంకొంచెం పెద్ద బల్ల ఉందా?" అన్నాను. పరిమళమ్మ నవ్వు ఆపుకుని, "ఎత్తి మళ్ళీ వెనక్కి పెట్టుకోవాలి అయ్యా" అంది. ఎత్తేటప్పుడు నా మోచేయి తగిలి ఆమె కాఫీ టంబ్లర్ ఎవరిదో పెళ్ళి కార్డు మీద పడింది. పెళ్ళికొడుకు పేరు మొత్తం కాఫీ అయింది.

ఆ రాత్రి ఇంట్లో సబ్బుపెట్టె తీసుకుని చాప మీద ప్రాక్టీసు మొదలుపెట్టాను. నాగమ్మ వచ్చి చూసి, "ఏందయ్యా, ఖాళీ సబ్బుపెట్టెతో చాప రుద్దతాండావు? సబ్బు, నీళ్ళు కూడా తెచ్చియ్యనా?" అంది. పట్టుదల ఉన్నవాడికి ఎగతాళి వినపడదు.

మర్నాడు మళ్ళీ పోయాను. నాలుగు గీతలూ ఒకే కొన దగ్గర కలవాలి కదా. కలిశాయి! "చూడమ్మా!" అన్నాను గర్వంగా. పరిమళమ్మ ఏదో నొక్కి ఆ కొనను పెద్దది చేసి చూపించింది. అమ్మబాబోయ్! గీతకూ గీతకూ మధ్య లారీ పోయేంత సందు! మొత్తం చెరిపేశాను. మళ్ళీ గీశాను. మళ్ళీ లారీ. ఈసారి ఆటో. ఆ తర్వాత సైకిలు. ఆఖరికి చీమ కూడా దూరనంత బిగువుగా కలిపాను. అడ్డగీతలు, ఎడమపక్క నిలువు గీత కూడా ఒక దారికి వచ్చాయి.

మిగిలింది కుడిపక్క గీత. అది మాత్రం నిలువుగా నిలబడదు! ఒకసారి తాగినవాడిలాగా ఇటు వాలుతుంది, ఇంకోసారి అటు. "ఎడమ చేత్తో ఈ మీట నొక్కిపెట్టి లాగండి అయ్యా, నేరుగా వస్తుంది" అంది పరిమళమ్మ.

"కట్టె ఊతంతో నడిచేవాణ్ణి కాదమ్మా నేను" అన్నాను. చెరిపాను, గీశాను, చెరిపాను.

నా అవస్థ చూడలేక ఆమె తెర నిండా సన్నటి గడులు తెప్పించింది. గ్రిడ్ అంటారట. "ఈ గడుల వెంబడి గీయండి" అంది.

"ఇవన్నీ అచ్చులో వస్తాయామ్మా?"

"రావు అయ్యా. మనకు కావాల్సిందే వస్తుంది" అని, ఫోన్ మోగితే లోపలికి పోయింది.

నేను తెర వైపు చూశాను. ఆ కంప్యూటర్ నలుపు తెలుపుది. నా గీతలూ సన్నవే, ఆ గడుల గీతలూ సన్నవే. ఏం చెప్పమంటారు! నాకు కావాల్సిన చోట, కావాల్సినంత నేరుగా, ఒక గీత నిలబడి ఉంది! కుడిపక్క గీత! మేస్త్రీ వేలాడదీసిన తూకం గుండు తాడులాగా, రవ్వంత వంకర లేదు.

ఇప్పుడు మార్కింగ్ సెక్షన్‌లో మాకు నేర్పిన మొదటి పాఠం చెప్పాలి. రేకు మీద గీత మీద గీత గీయకూడదు. గీస్తే రెండు గీతలవుతాయి, కత్తిరించేవాడు ఏది నమ్మాలి? దానికి నేను ఎన్ని తిట్లు తిన్నానో. కాబట్టి ఉన్న గీత మీద నేను మళ్ళీ గీయలేదు. కావాల్సిందే వస్తుందని ఆమె చెప్పనే చెప్పింది. నాకు ఈ గీత కావాలి, మిగతా గడులు అక్కర్లేదు. అంత తెలివైన మెషిన్‌కు ఆ మాత్రం తెలియదా!

"అయిపోయిందమ్మా!" అన్నాను.

ఆమె పేపరు మీద ప్రింట్ తీసి ఇచ్చింది. "ఒకసారి సరిచూసుకోండి అయ్యా" అంది. చూశాను. కళ్ళజోడు పెట్టుకునే చూశాను. చిన్నప్పటి నుంచి ఆడిన పటం. గీసినవాడి కంటికి గీయని గీత కూడా కనిపిస్తుంది. నాకు అన్నీ కనిపించాయి. నేరుగా చింతాద్రిపేట పోయి రెక్సిన్ మీద నాలుగైదు పటాలు స్క్రీన్ ప్రింటింగ్‌కు ఇచ్చేశాను.

వార్షికోత్సవం రోజు చుట్టలు విప్పి పటాలు పరిచాం. మొజాయిక్ మీద ఎర్ర రెక్సిన్, తెల్ల గీతలు! బావ నోరు తెరిచాడు. "నువ్వే గీసినావా?" అన్నాడు. "పరిమళమ్మను అడుగు" అన్నాను. చప్పట్లు కొట్టారు. పులి-మేక ఉంటుందని బావ చేతనే అందరి ముందర చెప్పించాను.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. బావ తొండికి శాశ్వతంగా తాళం వేయాలని నాకు ఆశ. గోడ మీది నల్లబల్ల మీద నా రాత్రిబడి అక్షరాలతో పెద్దగా రాశాను: "గీత ఉన్న చోటే కాయ నడవాలి. ఉండింది, చెరిగింది అంటే ఒప్పుకోం."

మొదటి ఆట బావకూ నాకూ. పులులు నావి. బావ మేకలు దించుతున్నాడు, నేను రెండు మింగాను. మూడో పులిని కావాలనే కుడిపక్క పైమూలకు పంపాను. ఎర అన్నమాట. బావ ఆశపడి పక్కన ఒక మేకను, దాని వెనక ఇంకో మేకను పెట్టి దూకే దారి మూసేశాడు.

"పులి కట్టుబడిపోయింది బావా!" అన్నాడు.

"కట్టుబడేది నీ మొహం! పులికి కిందికి దారి లేదా?" అని నవ్వుతూ సోడా మూత ఎత్తి కిందికి జరిపాను.

బావ నా మణికట్టు పట్టుకున్నాడు. చాలా మెల్లగా, ఎంతో మర్యాదగా అడిగాడు: "గీత ఏదీ బావా?"

చూశాను. ఎర్ర రెక్సిన్. ఆడ ఎర్రదనం తప్ప ఏమీ లేదు. పక్క పటం చూశాను, దాని పక్క పటం చూశాను. అన్నిటిలోనూ ఎడమపక్క గీత ఠీవిగా నిలబడి ఉంది, కుడిపక్క ఖాళీ!

"ఈడ గీత ఉండాలి!" అన్నాను.

బావ నల్లబల్ల వైపు చేయి చూపించాడు. రూమంతా నా అక్షరాలను కూడబలుక్కుని గట్టిగా చదివింది. ఒక పులి మూలన పడితే మిగతా రెండింటి పని ఎంతసేపు! టీ వచ్చేలోపల మూడూ కట్టుబడిపోయాయి.

"పెన్నుతో ఆ ఒక్క గీత గీసేస్తా" అన్నాను.

"అట్లా కుదరదు బావా. అప్పుడది చేతిపటం అయిపోతాది, పందెం పోతాది, క్యారమ్స్ వస్తాది. కావాలంటే ఇది తీసుకో" అని జేబులోంచి సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టాడు. "నేల మీద కూడదు గానీ, రెక్సిన్ మీద పరవాలేదు."

మర్నాడు పరిమళమ్మ దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆమె కుర్చీలోంచి జారిపోయేంత నవ్వి, నన్ను మౌస్ దగ్గర కూర్చోబెట్టి, ఎడమ చేత్తో మీట నొక్కించింది. కుడిపక్క గీత ఒక్క లాగుకు నేరుగా వచ్చింది. కానీ మళ్ళీ అచ్చు వేయించేది వచ్చే వార్షికోత్సవానికేనని సెక్రటరీగారి ఆర్డర్.

అందాకా ఏముంది, రోజూ సాయంత్రం అందరికన్నా ముందు పోయి పటాలన్నిటి మీదా కుడిపక్క సుద్దగీత గీస్తున్నాను. ఆట సగానికి వచ్చేసరికి ఎవరి చెయ్యో తగిలి అది చెరిగిపోతుంది. నా పులి ఆ మూలనే ఇరుక్కుంటుంది. మీరెప్పుడైనా సాయంత్రం మా వీధిలో పోతుంటే, "ఈడ గీత ఉండిందయ్యా! చెరిగిపోయింది!" అని ఎవరో గొంతు చించుకోవడం వినిపిస్తుంది. అది మా బావ కాదు. నేనే.